ఊపిరి వాసన చూసే సార్

నిన్న సాయంత్రం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే కోచింగులో నాతో చదివిన సంధ్య ఫోన్ చేసింది. "కీటోన్ సార్ పోయిండంటనే. వాళ్ళ ఊర్లనే. వారమైందంట" అంది. మాట్లాడకుండా ఫోను పట్టుకుని ఉండడం నాకు అలవాటే గానీ సంధ్యకు కాదు. కాసేపటికి అదే పెట్టేసింది. నేను జనానికి అడ్డం లేకుండా గోడవైపు జరిగి, అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని ఊపిరి వదిలి వాసన చూసుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నానా లేదా అని గుర్తుచేసుకోవడం ఆ తర్వాత సంగతి. ఈ అలవాటు ఆయన పెట్టిందే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెడిసిన్ ఎంట్రెన్సుకు కోచింగ్ ఇచ్చే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. అంతకుముందు పశువైద్యం చదివే పిల్లలకు జీవరసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. పొట్టి మనిషి. చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకోవడం వల్ల ఎడమవైపు ఎప్పుడూ తెల్లటి మరక ఉండేది. క్లాసులోకి రాగానే కిటికీ గడియ చూసేవారు. పాఠం మధ్యలో మళ్ళీ ఒకసారి చూసేవారు.

హాజరుకు పేర్లు పిలిచేవారు కాదు. బెంచీల మధ్య నెమ్మదిగా నడుస్తూ, ముక్కు కాస్త ముందుకు పెట్టి, ఒక్కొక్కరి దగ్గరా ఆగేవారు. "శనివారం ఉపవాసమా అమ్మా?" "నువ్వు టిఫిన్ మానేసి వచ్చావు." తప్పేది కాదు. మగపిల్లలు ఆయన వచ్చే ముందు సోంపు నమిలేవాళ్ళు. "సోంపు వాసన వెనకాల ఉన్న వాసన కూడా తెలుస్తుంది నాయనా" అనేవారు. క్లాసంతా నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆయన నా వరసలోకి వస్తున్నారంటే పుస్తకంలోకి వంగిపోయేదాన్ని.

ఒకరోజు నా దగ్గర ఆగారు. నేను పుస్తకంలోకి ఇంకా వంగాను. "రాత్రి తినలేదు. పొద్దున కూడా తినలేదు" అన్నారు, నాకొక్కదానికే వినబడేలా.

నిజమే. చైతన్యపురిలో మా హాస్టల్ మెస్సులో పొడుగాటి బల్లలుండేవి. ఎవరో ఒకరి పక్కన కూర్చోవాలి, ఏదో ఒకటి మాట్లాడాలి. అది తప్పించుకోవడానికి చాలా పూటలు ఆకలి లేదని చెప్పి, గదిలో నవల చదువుకుంటూ ఉండిపోయేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్న ఆ సంగతి నా ఊపిరిలోంచి బయటపడుతోందని విన్నప్పుడు, ఒంటిమీది బట్ట జారిపోయినంత భయమేసింది. క్లాసయ్యాక ఆయన సంచిలోంచి బన్ను తీసి నా బెంచీ మీద పెట్టారు. "తిను. ఏమీ మాట్లాడక్కర్లేదు" అని వెళ్ళిపోయారు.

ఆయనకు కీటోన్ సార్ అనే పేరు ఒక్క పాఠంతో వచ్చింది. "ఎల్‌బీ నగర్ చౌరస్తా అనుకోండి" అని మొదలుపెట్టేవారు. "కొవ్వు కరిగి వచ్చే ముక్కలన్నీ అక్కడ నిలబడ్డ ప్రయాణికులు. వాళ్ళని ఎక్కించుకుని చక్రంలా తిరిగే బస్సు పేరు ఆక్సలో అసిటేట్. బస్సుంటే ఎక్కుతారు, చక్రం తిరుగుతుంది, ఒంటికి శక్తి వస్తుంది. మరి తిండి లేక ఒంట్లో చక్కెర అయిపోయిందనుకోండి, లివరు ఏం చేస్తుంది? ఆ బస్సులనే విప్పేసి చక్కెర తయారు చేసుకుంటుంది. అవతల మెదడు అడుగుతోంది కదా! ఇక ప్రయాణికులు? వస్తూనే ఉంటారు. బస్సు లేదు. గుంపు పెరిగిపోతుంది. చివరికి సందుల్లో పడి నడుస్తారు. ఆ నడిచేవాళ్ళే కీటోన్లు. ఊపిరిలో వాసన కొట్టేది వాళ్ళే."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఎలుకల మీద పనిచేశారట. ఆకలితో ఉంచిన ఎలుకలకు ఆ చక్రంలోని పదార్థాలు ఒక్కొక్కటే ఇచ్చి, రక్తంలో కీటోన్లు తగ్గుతున్నాయా అని చూసేవాళ్ళట. "అన్నీ ఒకేలా పనిచెయ్యవు. మనం బయటినుంచి బస్సు పంపితే సరిపోదు, అది కణం గడప దాటి లోపలికి వెళ్ళాలి. కొన్ని దాటుతాయి, కొన్ని గుమ్మంలోనే ఆగిపోతాయి" అన్నారు. ఆ తర్వాత సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ, "నేను గదిలోకి రాగానే అవి మూలకి వెళ్ళి ఒకదాన్నొకటి ఆనుకునేవి. నా చేతుల వాసన వాటికి తెలిసిపోయింది" అన్నారు. ఆ మాట పరీక్షలో రాదని ఎవరూ రాసుకోలేదు. నేను మాత్రం ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నిజంగానే బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. సార్ బస్సు పోలిక మానేశారు. వెనకబెంచీ అబ్బాయి ఒకడు, "సార్, ఎల్‌బీ నగర్ ఎగ్జాంపుల్ చెప్పుండ్రి సార్, మస్తుంటది" అన్నాడు. సార్ కిటికీ వైపు చూసి, "రాసుకున్నారుగా నాయనా" అన్నారు. కింద రోడ్డు మీద ఊరేగింపు వెళ్తుంటే చెప్పడం ఆపి, బోర్డు మీద రాసేవారు. నినాదాలు దూరమయ్యేదాకా రాస్తూనే ఉండేవారు.

ఆయనది గుడివాడ పక్క. ఈ ఊళ్ళో ఉద్యోగమంతా చేసినా మాట మారలేదు. ఆ రోజుల్లో ఆయన రోడ్డు మీద మాట్లాడడమే మానేశారు. పండ్లబండి దగ్గర అరటిపళ్ళు చూపించి వేళ్ళతో లెక్క చెప్పడం నేనే ఒకసారి చూశాను. మాటలు రాని మనిషనుకున్నాడేమో బండివాడు, గట్టిగా అరిచి ధర చెప్పాడు. సార్ తలూపి డబ్బిచ్చారు. ఆయన మెడమీద చెమట కనిపించింది. ఎవరూ ఆయన్ని ఒక్క మాటన్నది నేను చూడలేదు. కానీ భయానికి ఎవరో ఏదో అనాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. మెస్సులో నన్ను ఎవరేమన్నారు గనక?

మా అమ్మ ఫోన్ చేసింది ఆ సమ్మెలోనే, ఒక బంద్ రోజు పొద్దున.

మాది నల్గొండ దగ్గరి పల్లె. బతుకుదెరువుకు వచ్చి సాగర్ రోడ్డు మీద, తుర్కయంజాల్‌కు ఇంకా ముందే, ఒక ఖాళీ ప్లాటులో రేకుల కొట్టం వేసుకుని ఉండేవాళ్ళం. నాన్న నడిపే వ్యాను సమ్మెలో సూర్యాపేట దగ్గర ఆగిపోయింది. ఇల్లు గడిచేది చుక్కబర్రె పాల మీదే. అది ఈని రెండు వారాలు.

"బర్రె మేత ముడ్తలేదు బిడ్డా" అంది అమ్మ. "నిన్న పొద్దుగాల్నుంచి గట్లనే నిలవడ్డది. పాలు సగానికి పడ్డయి. పశువుల దవాఖానకు తాళమేసిండ్రు, సమ్మె. పోయినేడు మన ఎర్రకొమ్ముల బర్రె గూడ ఇట్లనే జేసి పడిపాయె గదా. నాకు కాళ్ళు చేతులు ఆడ్తలేవు." ఎర్రకొమ్ముల బర్రె పడిపోయాక మళ్ళీ లేవలేదు. దాన్ని బండిలోకి ఎక్కించిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. చుక్కబర్రె కూడా పోతే అమ్మానాన్నలకు ఈ ఊళ్ళో నిలబడే ఆధారం లేదు.

సార్ ఇల్లు మా హాస్టల్‌కు రెండు వీధుల అవతల. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. తలుపు తట్టడానికి చెయ్యెత్తి దించి, మళ్ళీ ఎత్తాను. ఆయన గొలుసు తియ్యకుండా సందులోంచి చూశారు. నేను చెప్పింది విని, "ఇవాళ బంద్ కదమ్మా. నేను రాలేను. నీకు తెలుసుగా" అన్నారు. తలుపు మూశారు.

నేను అక్కడే నిలబడ్డాను. ధైర్యం కాదు, ఎటు పోవాలో తెలియలేదు. లోపల ఆయన కూడా కదల్లేదు. తలుపు వెనకనుంచే అడిగారు:

"మూతి దగ్గర వాసనేమన్నా వస్తోందటా?"

అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "పండ్లు మురిగిన తీరు వాసనొస్తుంది" అంది. అదే చెప్పాను. తర్వాత గొలుసు తీసిన చప్పుడు. ఆయన బూట్లు వేసుకుని ఉన్నారు, వెనక ఆయన భార్య నిలబడి ఉంది.

మందుల షాపు షట్టరు కిందనుంచి గ్లూకోజు సీసాలు, పెద్ద సూదులు దొరికాయి. "ఇది కాసేపటికే. అసలు మందు బేకరీలో ఉంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. రోజూ ఆయన బన్నులు కొనే బేకరీ వెనక తలుపు కొట్టారు. బేకరీ భాయ్ తెల్లపొడి సంచి తెచ్చిచ్చి, "సార్, ఇది బ్రెడ్డు బూజు పట్టకుండ ఏసేది. బర్రెకెందుకు? దాన్ని గూడ వారం దాక తాజాగ ఉంచాల్నా?" అన్నాడు.

"ప్రొపియోనేటు భాయ్" అన్నారు సార్ గొంతు తగ్గించి. "గేదె లివర్లోకి వెళ్ళి చక్రంలో కలిసిపోతుంది. లేని బస్సుని తయారుచేస్తుంది."

"నువ్వేమన్నవో అల్లాకు తెల్వాలె. పైసలు తర్వాత, పో సార్, జర పదిలం."

స్కూటరు మీద వెనక కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. రోడ్డు ఖాళీగా ఉంటే భయం ఎక్కువని ఆ రోజు తెలిసింది. కొంతదూరం పోయాక సార్ తల తిప్పకుండా అన్నారు: "అమ్మాయ్, ఎవరైనా ఆపితే నువ్వే మాట్లాడాలి. నేను నోరు తెరవను."

ఆయన అడిగింది నన్ను! పక్కన కూర్చోవాలంటే భయపడి అన్నం మానేసే దాన్ని. "సరే సార్" అన్నాను.

ఎల్‌బీ నగర్ చౌరస్తా నిండా జనం. టైరు కాలిన వాసన, దాన్ని దాటి ఉడుకుతున్న పప్పు వాసన. వంటావార్పు. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులు కూర్చోబెడుతున్నారు. వచ్చేపోయే వాళ్ళెవరైనా కూర్చుని తినాల్సిందే. అడ్డంగా కట్టిన తాడు దగ్గర ఒకతను స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏడికి?"

"మా బర్రెకు పానం బాగలేదన్నా" అన్నాను.

"అయితే తిని పొండ్రి. సార్, దిగుండ్రి."

కూర్చున్నాం. వేడి తారు మీద, విస్తరాకుల ముందు, వరసలో. నాకు అటు పక్క ఎవరో ముసలాయన, ఇటు పక్క సార్. కొట్టంలో బర్రె నిలబడి ఉంది. పడితే ఇక లేవదు. మేమిక్కడ అన్నం కలుపుతున్నాం. సార్ ముద్ద చేసి నోట్లో పెట్టుకుని నమిలారు, నమిలారు, మింగలేదు.

ముసలాయన వంగి ఆయన్ని అడిగాడు. "సారూ, మనది ఏ ఊరు?"

"మా మేనమామ" అన్నాను నేను. "నల్గొండ దిక్కు."

"నిన్నడగలే బిడ్డా. నల్గొండల ఏ ఊరు సారూ? నాది గూడ ఆడనే."

నాకు ఒక్క ఊరి పేరు గుర్తు రాలేదు. మా సొంత ఊరి పేరు కూడా. సార్ నోట్లోది మింగారు.

"నాది గుడివాడ దగ్గరండీ" అన్నారు. "ఈ పిల్ల నా స్టూడెంటు. నాకోసం అబద్ధం చెప్పింది. వీళ్ళ గేదె చచ్చిపోయేలా ఉంది. చూడ్డానికి వెళ్తున్నాను."

గరిటె పట్టుకున్నతను గరిటె బకెట్లో పెట్టి వచ్చాడు. ఎవరో నా ఒళ్ళోంచి సంచి లాక్కున్నారు. సూదులు బయటపడ్డాయి. తెల్లపొడి బయటపడింది.

"గిదేంది? ఎవర్ని జంపనీకి?"

సార్ లేచి నిలబడడానికి ప్రయత్నించి, మళ్ళీ కూర్చున్నారు. అలా కూర్చునే సంచిలో చెయ్యి పెట్టి, చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకున్నారు. "బ్రెడ్డులో వేసేదండీ. మీరందరూ తిన్నదే." ఆయన పెదవుల మీద తెల్లగా అంటుకుంది.

ఎవరో నవ్వారు. అది ఎలాంటి నవ్వో నాకు తెలియలేదు. "ఆంధ్రసారు బర్రెకు బ్రెడ్డు తినిపిస్తడంట రా!" ముసలాయన మాత్రం నవ్వలేదు. నా వైపు చూశాడు. "ఈని ఎన్ని రోజులాయె?" చెప్పాను. "మూతి వాసనొస్తుందా?" వస్తుందన్నాను. ఆయన సంచి తీసి నా చేతికిచ్చాడు. "పోనియ్యిండ్రి" అన్నాడు. హ్యాండిల్ పట్టుకున్నతను ఒప్పుకోలేదు. "పోతే పోండ్రి గని బండి గీడనే ఉంటది. బంద్ల బండి నడ్వది" అని మా ముందే టైర్లలో గాలి తీశాడు.

సాగర్ రోడ్డు మీద నడిచాం. సార్ మధ్యమధ్యలో వెనక్కి చూస్తున్నారు. ఎవరూ రావడం లేదు. అయినా చూస్తున్నారు. ఒక్క మాట మాత్రం అన్నారు: "పప్పు బాగా చేశారు, తినలేకపోయాను."

కొట్టంలో అడుగుపెట్టగానే ఆయన వేరే మనిషయ్యారు. బర్రె తల వేలాడేసి నిలబడి ఉంది, డొక్కలు లోపలికి పోయి. దూడ పొదుగు దగ్గర మూతి కొట్టుకుంటోంది. సార్ నేరుగా వెళ్ళి బర్రె ముక్కుకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. "వచ్చాను తల్లీ" అన్నారు. ఎవరికీ భయపడని గొంతు.

"దీనికేం పెట్టారమ్మా?"

"నిన్నటిసంది ఏం తింటలేదు సారూ. బలం రావాలని నువ్వుల నూనె తాపిన, నెయ్యి తాపిన. మా అత్త గట్లనే తాపుతుండె."

"అయ్యో! ఇంక తాపకండి. ఒంట్లో కొవ్వే కరిగి గుంపు కట్టింది. మీరింకో లారీ జనాన్ని తెచ్చి దింపారు."

"నాకేమెరుక సారూ! బాలింతకు నెయ్యి పెడ్తరా పెట్టరా?"

"బాలింతకి వేరు, ఈవిడకి వేరు. పాలలో తీపి ఎక్కడిదనుకున్నారు? ఈవిడ రక్తంలోదే. దూడకి, మీకు, మీ దగ్గర కొనేవాళ్ళకి అందరికీ ఇచ్చేసి తనకి మిగుల్చుకోలేదు." మాట్లాడుతూనే మెడ మీద నరం వెతికి సూది దింపారు. సీసా నేను పైకెత్తి పట్టుకున్నాను. తర్వాత పొడిని బెల్లంనీళ్ళలో కలిపి, వెదురుగొట్టంతో, బర్రె తల కొద్దిగా ఎత్తి, గుటక వేసేదాకా ఆగుతూ తాపారు. "తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నెమ్మది, నెమ్మది." ఆయన చేతులు ఒక్కసారి కూడా వణకలేదు.

ఆ తర్వాత చేసేదేమీ లేదు. చూడడమే. అమ్మ గడ్డిపరకలు చేతిలో పట్టుకుని మూతి ముందు పెడుతోంది, బర్రె పక్కకు తిప్పుకుంటోంది. ఎండ రేకుల మీదనుంచి గోడ మీదికి దిగింది. ఒకసారి బర్రె వెనకకాళ్ళు మడతపడినట్టయ్యాయి. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు బండిలోకి ఎక్కించే చప్పుడు వినిపించింది. సార్ భుజం పెట్టి దాన్ని ఆనుకుని నిలబడ్డారు, ఆ పొట్టి మనిషి, అంత బర్రెను ఆపగలిగినట్టు. "ఉండు తల్లీ. వస్తోంది. బస్సు వస్తోంది" అన్నారు. ఆ పోలిక ఆయన నోట నేను మళ్ళీ విన్నది అప్పుడే.

బర్రె నిలదొక్కుకుంది. చాలాసేపటికి, అమ్మ చేతిలోని పచ్చగడ్డిని వాసన చూసి, నాలుక చాచి, ఒక పరక లాక్కుంది. నమిలింది. ఇంకో పరక. పళ్ళ కింద గడ్డి కరకరలాడే ఆ చప్పుడు తప్ప కొట్టంలో ఇంకేమీ లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సార్ బర్రె ఊపిరి మళ్ళీ ఒకసారి చూసి, "ఇంకా ఉంది, కానీ తగ్గుతోంది. రేపు, ఎల్లుండి కూడా తాపాలి" అన్నారు.

అప్పుడు ఆయన పేడలోనే కూలబడ్డారు. అమ్మ నీళ్ళ గ్లాసు ఇస్తే సగం చొక్కా మీద ఒలికింది. దూరంగా రోడ్డు మీద నినాదాలు వినబడుతున్నాయి. ఆయన స్కూటరు చౌరస్తాలోనే ఉంది.

"ఇప్పుడు ఇంటికెలా వెళ్ళాలమ్మా?" అన్నారు. అడిగింది అమ్మనో, నన్నో, బర్రెనో తెలియదు.

"ఈడనే పండు సారూ, మాకేం బరువు?" అంది అమ్మ. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన భార్య పొద్దుటినుంచి ఒంటరిగా ఉంది.

"నేనొస్త సార్" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. నా చేతిలోని ఖాళీ సీసా సంచిలోని సూదులకు తగిలి టకటకమంటోంది. దాన్ని ఆపలేకపోతున్నాను. ఆయన ఆ చప్పుడు విన్నారు. గోడ పట్టుకుని మెల్లగా లేచి, పంట్లాం దులుపుకున్నారు.

"సరే పద" అన్నారు. "ఇద్దరం భయపడుతూనే వెళదాం."